ఖాళీ లారీ తూకం

దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో తణుకు వైపు ఏ మిల్లులోనైనా గుమస్తా గారికి రెండు చేతులు చాలవు. ఓ చేత్తో తేమ మీటరు, ఇంకో చేత్తో కాటా చీటీలు, చెవికీ భుజానికీ మధ్య ఫోను. అలాంటి మిల్లుకి యజమాని గారబ్బాయి నాలుగు గళ్ళ కాగితం ఒకటి తెచ్చాడు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ పేరు మీద చలామణీ అయ్యే గళ్ళు. పని అర్జెంటూ ముఖ్యమూ అయితే ఇప్పుడే చెయ్యి, ముఖ్యమే గానీ అర్జెంటు కాకపోతే ఓ రోజు పెట్టుకో, అర్జెంటే గానీ ముఖ్యం కాకపోతే ఇంకొకరికి అప్పగించు, రెండూ కాకపోతే కొట్టెయ్.

మొదటి మూడూ ఎవరిక్కావాలి? రుచంతా నాలుగో గడిలోనే.

ఒకే చీటీని మూడు పుస్తకాల్లో ఎక్కించే పని అందులో పడేస్తే బాగుండేది, ఓ కార్బన్ కాగితంతో పోయేది. గుమస్తా గారి కన్ను మాత్రం ఖాళీ లారీ మీద పడింది. లోడుతో ఓసారి కాటా ఎక్కిన లారీ సరుకు దింపాక మళ్ళీ ఎక్కాలి, తేడాయే ధాన్యం. లారీకి పది నిమిషాలు, రోజుకి పన్నెండు లారీలు. అంటే రెండు గంటలు!

"రోజూ వచ్చే లారీలే కదా బాబూ, మొన్నటి ఖాళీ బరువే వేసేద్దాం."

"ఆయ్, వేసేయండి."

డీజిల్ లీటరు సుమారు 830 గ్రాములు. మొన్న ట్యాంకు అడుగంటినప్పుడు తూగిన లారీ ఇవాళ 200 లీటర్లు పోయించుకుని వస్తే 166 కిలోలు అదనం. 75 కిలోల బస్తాలు రెండు, పైన పదహారు కిలోలు. రాత్రి వానకి నాని ముద్దయిన, లోడు మీద కప్పే బరకం బరువు వేరే. ఇక ఒక లారీ క్యాబిన్‌లో క్లీనరు కుర్రాడు ముసుగుతన్ని పడుకున్నాడు. రెండోసారీ కాటా మీదే ఉంటే వాడి బరువు తీసివేతలో పోయేది. ఇప్పుడు వాడూ ధాన్యమే.

సాయంత్రానికి కాగితం మీద 1,619 బస్తాలు. హమాలీ మేస్త్రీ లెక్క 1,600. బస్తాకింత కూలి గనక ఆ లెక్క తప్పదు.

"ఆ పందొమ్మిదీ ఎవరు మోశారండీ? మాకైతే కూలి రాలేదు."

గుమస్తా గారు పన్నెండు మంది డ్రైవర్లకి ఫోన్లు చేశారు. డీజిల్ ఎంత పోయించావు, ఎక్కడ పోయించావు, బరకం ఆరిందా? రాత్రి పదకొండయింది.

తెల్లారి క్లీనరు కుర్రాడు కాటా గది కిటికీలోంచి తొంగిచూశాడు. 2024-25 మద్దతు ధర క్వింటాలు 2,300 రూపాయలని వాడికీ తెలుసు. అరవై కిలోల మనిషి.

"నా తాలూకు పదమూడు వందల ఎనభై ఎవరికిచ్చారండీ?"