రెండూ ఎడమ చేతులే

మా ఆడపడుచు కూతురి పెళ్లి పది రోజులుందనగా, ధర్మవరం పట్టుచీరలోని జాకెట్టు ముక్క పట్టుకుని టైలరు మాస్టారి దగ్గరికెళ్లాను. ఆయన మిషను మీంచి తలెత్తకుండానే, "ముహూర్తాల సీజనమ్మా. లైనింగుతో కలిపి ఎనిమిది వందలు. పదిహేను రోజులు పడుతుంది" అన్నారు. పదిహేను రోజులంటే పెళ్లికూతురు మూడు నిద్రలూ అయిపోయి కాపురానికి కూడా వెళ్లిపోతుంది. అయినా మీటరు కూడా లేని గుడ్డకి ఎనిమిది వందలా? కోపంగా ముక్క సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

పెళ్లప్పుడు మా నాన్న ఇచ్చిన తొక్కుడు మిషను ఒకటి ఇంట్లో ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు పెట్టుకునే బల్లగా వాడాం. బట్టలు దించి, దుమ్ము తుడిచి, నూనె వేసి, ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను. వాటిలో అమ్మాయిలు పన్నెండు నిమిషాల్లో జాకెట్టు కత్తిరించి, నవ్వుతూ చూపిస్తున్నారు. పన్నెండు కాకపోతే నాకు ముప్పై పడుతుంది, అంతేగా!

మా అత్తయ్యగారికి కుట్టుపని వచ్చు. ఇప్పుడు చూపు ఆనక మానేశారు గానీ, చెప్పడం మానలేదు. "లైనింగు గుడ్డ రాత్రి నీళ్లలో నానేసి ఆరబెట్టు. లేకపోతే మొదటి ఉతుక్కే అది ముడుచుకుపోయి, పైన పట్టు ఉబ్బుతుంది" అన్నారు. నానేశాను. "కొలతకి ఆది జాకెట్టు నీకు ఇప్పుడు పట్టేదే తీసుకో, ఒకప్పుడు పట్టింది కాదు" అన్నారు. ఈ మాట కాస్త గుచ్చుకుంది గానీ, ఆ సలహా కూడా పాటించాను. పక్కల్లో అయితే ఏకంగా రెండేసి అంగుళాలు మార్జిన్ వదిలాను. పెళ్లి భోజనాల మీద నాకున్న నమ్మకం అలాంటిది.

ముందు పాత పేపరు మీద కొలతలు గీసి కత్తిరించాను. అత్తయ్యగారు వంటింట్లోంచి ఆ చప్పుడు విని పరుగున వచ్చారు. "గుడ్డ కత్తెరతో కాగితం కోస్తున్నావా! దాని పదును పోదూ?" అని కత్తెర లాక్కుని, పాల ప్యాకెట్లు కోసేది చేతిలో పెట్టారు.

మిషను దగ్గర మొదటి రోజంతా యుద్ధమే. చక్రం ముందుకు తిరగాలంటే కాళ్లు ఒక లయలో తొక్కాలి. నాకు లయ తప్పినప్పుడల్లా అది వెనక్కి తిరిగి పుటుక్కున దారం తెంపేది. తెగకుండా కుట్టు పడిన చోట గుడ్డ తిప్పి చూస్తే, అడుగున దారమంతా పిచ్చుక గూడులా ఉండ కట్టేది. రోగం కింద కనబడుతోంది కదా అని, అడుగుదారం చుట్టి ఉండే బాబిన్ తీసి, చుట్టి, మళ్లీ పెట్టి, ఒక పూట దానికే ఖర్చు చేశాను. చివరికి తేలిందేమిటంటే తప్పు పైదారానిదట. పైన బిళ్లల మధ్యలోంచి దారం సరిగ్గా పోకపోతే గూడు కింద కడుతుందట. పాపం, బాబిన్‌ని అనవసరంగా తిట్టాను. పట్టుకి సన్న సూది వేసుకోవాలని, అసలు గుడ్డ మీదికి వెళ్లేముందు ఒక పేలిక మీద కుట్టి చూసుకోవాలని కూడా అప్పుడే తెలిసింది.

ఇక చేతులు. జాకెట్టు ముక్కకి ఒక అంచునే జరీ బార్డరుంది. అది చేతుల చివర రావాలి. అందుకని గుడ్డ మడత పెట్టకుండా, బార్డరు వెంట పక్కపక్కనే రెండు చేతులు గీశాను. చంక దగ్గర ముందు వైపు కాస్త లోతుగా, వెనక వైపు తక్కువగా కోయాలని వీడియోలో చెప్పారు. కోశాను. మొదటిదానికి ఎడమ పక్కన లోతు తీశాను. రెండోది అచ్చం మొదటిదానిలాగే రావాలని, అదే కాగితం పెట్టి, అదే పక్కన, వెంట్రుకవాసి తేడా లేకుండా తీశాను. లైనింగూ అలాగే. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాను. ఎంత చక్కగా కలిశాయో!

కలవకూడదట. గుడ్డ మంచివైపు రెండూ పైకే ఉన్నప్పుడు, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మలా ఉండాలట. రెండోసారి కాగితం తిరగేసి పెట్టాలట.

ఈ సంగతి జాకెట్టంతా కుట్టి, హుక్కులు కూడా వేసుకుని, తొడుక్కున్నాక తెలిసింది. ఎడమ చెయ్యి హాయిగా ఉంది. కుడి చెయ్యి ఎటు తిప్పినా వీపు వెనక్కి లాగుతోంది. మావారు పేపరు మీంచి చూసి, "ఏమోయ్, నీ కుడి చెయ్యి ఎవరి మీదో అలిగినట్టుందే" అన్నారు. అత్తయ్యగారు దగ్గరికొచ్చి వేళ్లతో చంక తడిమి చూసి, "అమ్మాయ్, రెండూ పుర్రచేతివే కుట్టావు" అన్నారు.

ఉప్పాడ జాందానీ అయినా బాగుండేది. దాని నేత రెండు వైపులా ఒకేలా ఉంటుంది, చేతిని తిరగేసి కుట్టుకుని గండం గట్టెక్కేదాన్ని. మాది కాకినాడ. పక్కనే ఉప్పాడ పెట్టుకుని ధర్మవరం నుంచి చీర తెచ్చుకున్న పాపం ఇది. దీనికి తిరగేస్తే జరీ పోగులన్నీ వేలాడుతున్నాయి. మరో చెయ్యి కోద్దామంటే గుడ్డ లేదు. మిగిలినవల్లా పేలికలే. అవి కూడా నేను చెత్తబుట్టలో వేస్తే, అత్తయ్యగారు ఏరి ఒక కవరులో దాచారు.

పెళ్లి నాలుగు రోజులుందనగా, ఆ కవరూ ఈ జాకెట్టూ పట్టుకుని మళ్లీ మాస్టారి దగ్గరికే వెళ్లాను. ఆయన జాకెట్టు తిరగేసి, బోర్లించి, కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"ఎవరు కుట్టారమ్మా ఇది?"

"మా వీధిలో కొత్తగా ఒకావిడ మొదలెట్టిందండి."

"ఎంత తీసుకుంది?"

"ఇంకా ఇవ్వలేదండి."

"ఇవ్వకండి."

స్కూటరు మీద కూర్చున్న మావారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

మాస్టారు కుడి చెయ్యి కుట్టు విప్పి, ముందు వైపు లోతు తీసి, వెనక తగ్గినచోట మా అత్తయ్యగారి కవరులోంచి ఒక ముక్క ఏరి ఆనించి చూశారు. "చంకలో ఈ అతుకు వేస్తానమ్మా. పైకి కనబడదు. చెయ్యి మాత్రం పైకెత్తకండి."

"పెళ్లికండీ! అక్షింతలు వెయ్యొద్దా?"

ఆయన చాక్‌తో గీత గీస్తూ అన్నారు: "దగ్గరికెళ్లి వెయ్యండి."