తకేద వంశాన్ని కూల్చింది తుపాకులేనా?

"1575లో నగషినో దగ్గర ఓడ నొబునగ 3000 తుపాకులను మూడు వరుసల్లో నిలిపి వంతులవారీగా పేల్పించాడు. గుర్రాలెక్కి గుడ్డిగా దూసుకొచ్చిన తకేద కత్సుయోరి సేన క్షణాల్లో మట్టికరిచింది. ఆ రోజుతో తకేద వంశం అంతరించింది." జపాన్ అంతర్యుద్ధాల కాలంలో ప్రత్యర్థి ప్రభువులైన నొబునగ, కత్సుయోరిల గురించి వీడియోల్లో తెగ తిరుగుతున్న కథ ఇది. ముక్కముక్కగా పరీక్షిస్తే నిలిచేది కొంచెమే.

నొబునగ కొలువులోనే ఉన్న ఓతా గ్యూయిచి తన ప్రభువు చరిత్రలో రాసింది సుమారు 1000 తుపాకులని. కొన్ని ప్రతుల్లో అది 3000 అయింది. వంతులవారీ కాల్పులు తర్వాతి కాలంలో ఓజె హొఆన్ కథలా పెంచి రాసిన పుస్తకంలోవి.

"క్షణాల్లో" అన్నది మరీ విడ్డూరం. పోరు సూర్యోదయం మొదలు మధ్యాహ్నం దాటేదాకా సాగింది. తకేద వాళ్లకూ తుపాకులున్నాయి, వాళ్లలో కాలిబంట్లే ఎక్కువ.

ఇక గుడ్డితనం. నొబునగ పక్షాన పోరాడిన సకాయి తదత్సుగు రాత్రికి రాత్రే చుట్టుతిరిగి వెళ్లి, కత్సుయోరి వెనకనున్న తొబిగసు కొండ స్థావరాన్ని పట్టేశాడు. వెనక శత్రువు, ముందు కర్రకంచెల చాటున తనకు రెట్టింపు సేన. తన 15,000 మందితో అక్కడ తలపడటం తప్పే, కాదనను. కానీ అంతకు ముందు ఏడాదే, తండ్రి షింగెన్‌కు చిక్కని తకతెంజిన్ కోటను గెలిచినవాణ్ణి మూర్ఖుడని కొట్టిపారేస్తే ఎలా?

అసలు పొరపాటు చివరి వాక్యంలో ఉంది. యమగత, బబ, నైతో వంటి అనుభవజ్ఞులైన తకేద సేనానులు నగషినోలో పోయిన మాట నిజం. అయినా కత్సుయోరి మరో ఏడేళ్లు ఏలాడు. 1578లో పొరుగునున్న ఉఎసుగి వంశపు వారసత్వ తగవులో కగెకత్సు పక్షం చేరి, అతని పోటీదారు పుట్టిన హోజో వంశాన్ని శత్రువుగా చేసుకున్నాడు. నా లెక్కలో అసలు దెబ్బ తగిలింది 1581లో. నొబునగ మిత్రుడు తొకుగావ ఇయేయసు చుట్టూ చిన్న కోటలు కట్టి తకతెంజిన్‌ను ఆకలితో మాడ్చాడు. లోపలివాళ్లు లొంగిపోతామన్నా ఒప్పుకోవద్దన్నది నొబునగ సలహా: కత్సుయోరి తనవాళ్లను ఆదుకోలేడని లోకమంతా చూడాలి. ఆదుకోలేదు, లోకం చూసింది.

మరుసటి ఏడాది తకేద సామంతుడు కిసో యొషిమస ఫిరాయించాడు, అనయమ బైసెత్సు అదే దారి పట్టాడు. కొత్తగా కట్టిన షింపు కోటను తానే తగలబెట్టి కత్సుయోరి తన మరో సామంతుడు ఒయమద నొబుషిగె ఆశ్రయం కోరి బయలుదేరితే, అతడు దారి మూసేశాడు. తెన్మొకు కొండ దగ్గర భార్య, కొడుకుతో సహా కత్సుయోరి ప్రాణం విడిచాడు. బహుమానం ఆశించి వెళ్లిన ఒయమదకు, యజమానికి ద్రోహం చేశావంటూ ఓడ పక్షం మరణశిక్ష వేసింది.