సవరణ: టెనర్ హార్న్‌పై మోట్సార్ట్

బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లలో (ఇత్తడి వాయిద్యాల బృందాల్లో) టెనర్ హార్న్ అనే బాకా వాయించేవాళ్లకి సోలోలు దొరకడం కష్టమని, అందుకే ఫ్రెంచ్ హార్న్ నోట్స్ (స్వరాలు రాసిన కాగితాలు) తీసుకుని ఉన్నదున్నట్టు వాయించుకోవచ్చని మొన్న రాశాను. అది తప్పు. ఒక పాఠకుడు అలాగే ప్రయత్నిస్తే పియానో ఒక దారి, హార్న్ ఒక దారి అయ్యాయట. పాపం.

ఇప్పటి ఫ్రెంచ్ హార్న్ నోట్స్ ఎఫ్ శ్రుతికి రాసినవి, అంటే కాగితంపై సి అని ఉన్నది వాయిస్తే ఎఫ్ పలుకుతుంది. మన టెనర్ హార్న్ ఈ-ఫ్లాట్‌ది, అదే సి దీనిపై ఈ-ఫ్లాట్‌గా పలుకుతుంది. ఆ కాగితాన్ని అలాగే చదివితే మొత్తం ఒక టోను (రెండు స్వరస్థానాలు) కిందికి పలుకుతుంది. అంటే ప్రతి స్వరాన్నీ ఒక టోను పైకి రాసుకోవాలి. మోట్సార్ట్ 1786లో రాసిన హార్న్ కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే సోలో రచన) కె.495లోని చివరి భాగం రొండో చూడండి: ఎఫ్ ప్రతిలో మొదట్లో రెండు ఫ్లాట్లు (స్వరాన్ని అర టోను తగ్గించే గుర్తులు) ఉంటాయి, మనకు మార్చి రాస్తే ఒక్కటీ ఉండదు.

తమాషా ఏంటంటే, మోట్సార్ట్ స్వయంగా రాసింది ఈ-ఫ్లాట్ హార్న్‌కే! ఆ పాత పద్ధతి ప్రతి దొరికితే ఏమీ మార్చక్కర్లేదు. ఆల్టో శాక్సఫోన్ పుస్తకాలు కూడా నేరుగా పనికొస్తాయి, కాకపోతే పై స్వరాల దగ్గర పెదవులు చేతులెత్తేస్తాయి.

ఇంకో మాట. టెనర్ హార్న్ కోసమే రాసినవి లేవన్నట్టు ధ్వనించింది నా రాత. ఉన్నాయి. హ్యూ నాష్ ‘డెమెల్జా’ ఉంది, మార్టిన్ ఎలర్బీ కాన్చెర్టో ఉంది. నిజానికి మొదట వీటి పేర్లే చెప్పాల్సింది.