ఎక్సైజ్ శాఖవారి సంభావ్యత పాఠం

టెన్త్ పిల్లలకు సంభావ్యత ఎక్కడం లేదని లెక్కల మాస్టార్లు తెగ బాధపడుతుంటారు. నాణేలు, పాచికలు, సంచిలో ఎర్రబంతులతో చెబితే ఎవరికెక్కుతుంది? సి.ఆర్. రావుగారంతటి గణాంక శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారని చెప్పుకుంటాం గానీ, ఆ విద్యను ఇవాళ మన దగ్గర నిజంగా ఒంటబట్టించుకున్నది ఒక్క ఎక్సైజ్ శాఖే.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తులు 89,882. ఒక్కోదానికి ఫీజు 2 లక్షలు, షాపు తగిలినా తగలకపోయినా తిరిగివ్వరు. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు. ఇదే రాష్ట్రంలో పది రూపాయల లాటరీ టికెట్ అమ్మితే పోలీసులొస్తారు. ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. రెండు లక్షల టికెట్‌కూ పోలీసులొస్తారు, కాకపోతే బందోబస్తుకు.

సగటున షాపుకు 26 దరఖాస్తులు పడ్డాయి. సిండికేట్ మేధావుల లెక్క ఇక్కడ మొదలవుతుంది. "ఇరవయ్యారు షాపులకు తలా ఒకటి పడేద్దాం బావా, ఒకటి ఎక్కడికీ పోదు!" అలా 52 లక్షలు కట్టేస్తారు. పాపం, పోతుంది. ఒక షాపు చేజారే అవకాశం 26లో 25 వంతులు. దాన్ని ఇరవయ్యారుసార్లు హెచ్చవేస్తే, ఒక్కటీ తగలని అవకాశం సుమారు 36 శాతం తేలుతుంది. ఇలా వేసిన ప్రతి ముగ్గురిలో ఒకరు ఉత్తచేతులతో ఇంటికెళ్లాల్సిందే. దీనికి విరుగుడుగా భార్య పేరున వేయడం, ముహూర్తం చూసి వేయడం లాంటి ఉన్నత పరిశోధనలు సాగుతున్నాయి. దరఖాస్తులో జన్మనక్షత్రం కాలమ్ పెట్టకపోవడం మాత్రం శాఖ చేసిన పొరపాటే.

తెలంగాణ ఇంకో మెట్టు పైన ఉంది. 2023లో 2,620 షాపులకు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు దిగాయి, ఆదాయం మాత్రం 2,600 కోట్ల చిల్లర నుంచి 2,800 కోట్లు దాటింది. పోటీ తగ్గడంతో ఒక్కో దరఖాస్తుకు అవకాశం కూడా మెరుగుపడింది. రేటు పెంచి సరుకు నాణ్యతా పెంచిన ప్రభుత్వ శాఖను ఇంకోదాన్ని చూపించండి!

మర్నాడు జిల్లా పేజీలో షాపు తగిలినాయన ఫొటో వస్తుంది, మెడలో దండ, చేతిలో స్వీట్ల డబ్బా. మిగతా పాతికమందికి ఫొటోలుండవు. ఆ రెండు లక్షల సంగతి కొందరు ఇంట్లో కూడా చెప్పరు. రెండేళ్లకు మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి ఊరికి గుర్తుండేది ఆ ఒక్క దండే.

అందుచేత టెన్త్ సంభావ్యత చాప్టర్‌ను ఎక్సైజ్ శాఖకు అప్పగించాలని నా మనవి. ఫీజు సంగతి తల్లిదండ్రులు ముందే మాట్లాడుకుంటే మంచిది. తిరిగిచ్చే అలవాటు వాళ్లకు లేదు.