మహారాజశ్రీ ప్లగిన్ బిల్డ్ ఎన్విరాన్‌మెంట్ గారికి

అయ్యా,

పర్లాకిమిడి నుంచి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, సీ డ్రైవ్ తప్ప. అందులో ఉన్న చోటంతా తమరే కబ్జా చేశారు. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము, దాన్ని తయారుచేసే సరంజామా మొత్తం తమరే కదా.

నాకు కావలసింది చిన్న పని. మా మావయ్య స్టూడియోలో సన్నాయి, డోలు, జానపద పాటలు రికార్డు చేస్తారు. ప్రతి టేకులోనూ కరెంటు హమ్ వచ్చి కూర్చుంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ మోత 50 దగ్గర, ఆపైన 100, 150 దగ్గర వినిపిస్తుంది. ఆ చోట్ల సన్నగా కోత పెట్టే నాచ్ ఫిల్టర్ ప్లగిన్ రాద్దామనుకున్నాను. ప్లగిన్లు రాసేవాళ్ల కోసం ముందే రాసిపెట్టిన కోడ్, జూస్ లైబ్రరీలో ఆ ఫిల్టర్ రెడీగానే ఉంది. నేను రాయాల్సింది పట్టుమని పది లైన్లు లేదు. దానికి ముందు తమరి దర్శనం ఉంది.

దర్శనానికి నేను రాసిన కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కావాలి, ఆ పని నడిపించే సీమేక్ కావాలి, కోడ్ దించుకునే గిట్ కావాలి. కంపైలర్ కోసం విజువల్ స్టూడియో దించుకోవాలి. విజువల్ స్టూడియో కోడ్ అనేది వేరే. అందులో కంపైలర్ ఉండదు. పేర్లు మాత్రం అన్నదమ్ముల పేర్లే, కొత్త కుర్రాళ్లు సగంమంది అక్కడే బోల్తా పడతారు. సరైనదే దించుకున్నా 'డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ ప్లస్ ప్లస్' అన్న గడిలో టిక్కు పెట్టాలి. పెట్టకపోతే మిగతావన్నీ దిగుతాయి, అదొక్కటే దిగదు. ఆ ఒక్క టిక్కు ఖరీదు కొన్ని గిగాబైట్లు. మా ఇంట్లో ఫోను డాబా మీద ఆంధ్రా టవరు పట్టుకుంటుంది, వంటింట్లో ఒడిశా టవరు. మెట్ల మీద రెండూ ఉండవు. మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఏటల్లుడూ, ఇంకా ఎక్కుతునే ఉందా?"

ఇక తమరు మాకు బోధించే నీతి ఉంది చూశారూ, అది అమోఘం. సెకనుకు 48 వేల శాంపిల్స్ (48 కిలోహెర్ట్జ్) లెక్కన, శబ్దాన్ని 256 శాంపిల్స్ ముక్కలుగా (బఫర్) అందిస్తే ఒక్కో ముక్కకు చేతిలో ఉన్న టైము 5.3 మిల్లీసెకన్లు. ఆలోగా శబ్దాన్ని మార్చే ప్రాసెస్‌బ్లాక్ అనే ఫంక్షన్ తన పని ముగించాలి. మెమరీ అడగకూడదు, లాక్ దగ్గర ఆగకూడదు, డిస్కు జోలికి పోకూడదు. ఆలస్యమైతే స్పీకర్లో టప్ మంటుంది. ఒప్పుకున్నాను, న్యాయమే. మరి ఈ బోధ చేసే తమరు మాత్రం అడిగినంత మెమరీ తీసుకుంటారు, డిస్కు మొత్తం తిరుగుతారు, తెల్లవార్లూ ఎక్కుతారు. టప్ మనేది మా ఫ్యాన్ ఒక్కటే.

ప్లగిన్‌కు, తయారీదారుకు చెరో నాలుగక్షరాల కోడ్ పెట్టమన్నారు. ఒక పెద్దక్షరమైనా ఉండాలట. యాపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గ్యారేజ్‌బ్యాండ్ 10.3 ఇంకో ఆకు ఎక్కువే చదివింది: మొదటిది పెద్దది, మిగిలిన మూడూ చిన్నవి కావాలంటుంది. గజపతుల రాజధానిని నాలుగక్షరాల్లో ఇరికించాను. పి పెద్దది, కె, ఎం, డి చిన్నవి. రాజావారుంటే ఏమనేవారో!

ప్లగిన్ ఫార్మాట్ల సంగతి మాకు కొత్తగా అనిపించలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీతకు ఇవతల ఉండిపోయినవాళ్లం. ఇంట్లో తెలుగు, రేషన్ కార్డు మీద ఒడియా, గీతకు అవతల ఆంధ్రాలోని పాతపట్నం బస్సు బోర్డు మీద మళ్లీ తెలుగు. మనిషి ఒక్కడే, కాగితాలు రకరకాలు. తమరి దగ్గరా అంతే. అదే ఫిల్టర్‌కు వీఎస్‌టీ3 ఒకటి, యాపిల్ వాళ్ల ఏయూ ఒకటి, ప్రోటూల్స్ అనే స్టూడియో సాఫ్ట్‌వేర్‌కు ఏఏఎక్స్ ఒకటి, 2022లో వచ్చిన క్లాప్ ఒకటి. ఏయూ కావాలంటే ముందు మ్యాక్ కొనుక్కోవాలి. పాత వీఎస్‌టీ2 తీసుకుందామంటే దాని ఎస్‌డీకే (రాసేవాళ్లకిచ్చే కిట్టు) పంపిణీ 2018లోనే ఆపేశారు. పాత ప్లగిన్లు నడుస్తాయి, కొత్తవాళ్లకు మాత్రం తలుపు మూసేశారు.

అసలు బాధ చివర్లో ఉంది. కంపైల్ అయింది, లింక్ అయింది, ఎర్రక్షరం ఒక్కటీ లేదు. అప్పుడు తయారైన వీఎస్‌టీ3ని ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలి కామన్ ఫైల్స్‌లోకి కాపీ చేయబోయి, "పర్మిషన్ డినైడ్" అన్నారు. అక్కడికి అడ్మినిస్ట్రేటర్ తప్ప ఎవరూ పోకూడదట. కంప్యూటర్ నాది, కరెంటు బిల్లు నాది, ప్లగిన్ నేను రాసింది! పోనీ చేత్తో కాపీ చేద్దామని చూస్తే అది ఫైలు కాదు, ఫోల్డరు. లోపల కంటెంట్స్, దాని లోపల ప్రాసెసర్ పేరుతో ఇంకోటి, అందులో మళ్లీ అదే పేరుతో అసలు ఫైలు.

కాబట్టి మనవి ఏమిటంటే, బిల్డ్ కాగానే కాపీ చేసే ఆ ఆప్షన్ ఆపేశాను. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లు వెతికే దారుల్లో నా బిల్డ్ ఫోల్డర్‌నే చేర్చుకున్నాను. తమరు ఇకపై ప్రోగ్రామ్ ఫైల్స్ దాకా శ్రమ పడనక్కర్లేదు. ప్లగిన్ బాగుందో లేదో ప్లగిన్‌వాల్ అనే పరీక్ష ప్రోగ్రాము చూసి చెబుతుంది, అది 5వ లెవెల్లో పాసైతే మావయ్యకు ఇస్తాను.

ఇట్లు,
తమరి కోసం పెళ్లి ఫోటోలు డిలీట్ చేసుకున్న విధేయుడు

తా.క.: పాతపట్నంలో మా పిన్ని కొడుకు కూడా తమరిని పిలవాలనుకుంటున్నాడు. వాడికి నెట్ బాధ లేకుండా విజువల్ స్టూడియో ఇన్‌స్టాలర్‌ను లేఅవుట్ ఆప్షన్‌తో పెన్‌డ్రైవ్‌లోకి దించాను. టిక్కు కూడా నేనే పెట్టేశాను. ఆదివారం బస్సులో బయల్దేరుతున్నారు, సర్దుకోండి.