దామెర్ల వారికి సవరణ తాఖీదు

చిత్రకారుడు దామెర్ల రామారావు గారి మీద చర్య తీసుకోవాల్సిన సమయం వచ్చింది. ఆయన పోయి నూరేళ్లు దాటింది కాబట్టి ఎదురు మాట్లాడతాడన్న భయం లేదు. అలాంటి ముద్దాయి అంటేనే మనకు ముద్దు. నేరం ఏమిటంటారా? రాజమండ్రిలో పుట్టి, గోదావరిని కళ్లారా చూసి, చూసింది చూసినట్టు నీటిరంగుల్లో గీసి పెట్టి పోవడం.

1897లో పుట్టాడు, 1925లో మశూచితో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండనే లేదు. ఆ కాస్త బతుకులోనే ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కంట్లో పడ్డాడు. కుర్రాడి చెయ్యి చూసి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు పొమ్మని వెంటపడి పంపించాడా దొర. చదువయ్యాక బుద్ధిమంతుడైతే అక్కడే స్థిరపడేవాడు. ఈయన తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం దాన్ని మోసుకొచ్చాడు. ఊళ్లో ఉండి గొప్పవాడవుదామనుకోవడం మన ప్రాంతంలో ఎప్పుడూ అచ్చిరాలేదు. ఈనాటికీ రైల్వే స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "దామెర్ల గ్యాలరీకి పోనీ బాబూ" అని చూడండి. "ఏ జ్యూయలరీ అండీ?" అంటాడు.

ఆ గ్యాలరీలో బొమ్మలు పాడవుతున్నాయని పత్రికలు అప్పుడప్పుడూ రాస్తుంటాయి. రాసేవాళ్లకు లోగుట్టు తెలియదు. సాక్ష్యాన్ని తగలబెడితే నేరం. దానంతటదే మాసిపోతే కాలధర్మం.

సాక్ష్యం అని ఊరికే అనలేదు. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ వగైరా బొమ్మలతో మనకు పేచీ లేదు. సిద్ధార్థుడి కొలువు రోడ్డు వెడల్పులో పోయేది కాదు, ముస్తాబు చేసుకుంటున్న ఆడవాళ్ల మీద ఎవరూ కేసు వెయ్యరు. చిక్కంతా ఆ ప్రకృతి దృశ్యాలతోనే. రేపెవడో స్కూలు పిల్లాడు వచ్చి, బొమ్మకేసి ఒకసారి, కిటికీలోంచి బయటికి ఒకసారి చూసి "ఇది ఎక్కడుందండీ?" అని అడిగాడనుకోండి, సమాధానం చెప్పాల్సింది దామెర్ల వారు కాదు, మనం. అందుకే బొమ్మల్ని నేలకు తగ్గట్టు సవరించాలని నా ప్రతిపాదన. నేలను బొమ్మకు తగ్గట్టు సవరించడానికి బడ్జెట్ లేదు.

మొదటి సవరణ నీటిమట్టానిది. తూర్పు కనుమల మధ్య గోదావరిని గీసిన ఆయన, నీళ్లను ఎక్కడో కొండల కాళ్ల దగ్గర ఉంచాడు. పోలవరం పూర్తి స్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు, పాత లెక్కలో 150 అడుగులు. అంటే బొమ్మ ప్రాజెక్టు రిపోర్టుకు విరుద్ధంగా ఉంది. తగిన ఇంజనీరు చేత స్కేలు పెట్టి కొలిపించి, గీత గీయించి, గీత దాకా నీలం పూయించేస్తే పని అయిపోతుంది. గీత కింద పడిన చెట్లూ గుడిసెలూ ఎటూ రంగేగా, ప్యాకేజీ అక్కర్లేదు. బయట దాదాపు లక్ష కుటుంబాల పునరావాసం లెక్క ఇన్నేళ్లుగా తేలడం లేదు. బొమ్మలో అయితే బ్రష్షు తడిపేలోగా ఊళ్లు ఖాళీ. నిర్వాసితులు కూడా నూటేభై అడుగుల కింద బతకడం మానేసి, మొదటి నుంచీ కాగితం మీదే కాపురం పెట్టుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

తర్వాతది ఇసుక. నది బొమ్మ అన్నాక తిన్నెలుంటాయి. ఆ ఇసుక ఏ ర్యాంపుది? ఎన్ని క్యూబిక్ మీటర్లు? వే బిల్లు ఏది? సీనరీ గీసినవాడు సీనరేజి, అదే సర్కారు వారి ఇసుక రుసుము, కట్టాడా లేదా? ధవళేశ్వరం వైపు వెళ్లి చూస్తే తెలుస్తుంది ఇసుక విలువ. నడి గోదాట్లో పడవ ఆపి, మనిషి గెడ పట్టుకుని బకెట్‌తో మునుగుతాడు. ఊపిరి ఉన్నంతసేపూ కింద తవ్వి, కళ్లెర్రబడి లేచి, బకెట్ పడవలో బోర్లించి మళ్లీ మునుగుతాడు. పడవ అంచుకూ నీళ్లకూ మధ్య బెత్తెడు మిగిలేదాకా అదే పని. ఆ బెత్తెడు దగ్గర ఆగడం అతనికి తెలుసు. ఒడ్డునున్న పొక్లెయిన్‌కు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పలేదు.

నదిని సవరించి సముద్రాన్ని వదిలేస్తే పక్షపాతం అంటారు. ఉప్పాడ తీరాన్ని గీసేవాళ్లకు నాదొక హెచ్చరిక: బొమ్మ కింద సంతకం, సంవత్సరం వేస్తే చాలదు, తేదీ వెయ్యండి, వీలైతే టైము కూడా. సంవత్సరం ఒక్కటే వేస్తే ఆ ఏడాది ఏ తుపానుకు ముందుదో వెనుకదో తేలక చరిత్రకారులు కొట్టుకుంటారు. అక్కడ ఇంటి ముందు గదిని కెరటం పట్టుకుపోతే వెనక గది గోడ బయటపడుతుంది. నీలం సున్నం వేసిన ఆ గోడ మీద క్యాలెండర్ మేకు అలాగే ఉంటుంది, క్యాలెండరే ఉండదు. ఆ ఇల్లు సర్వే నంబరు ప్రకారం ఊళ్లో ఉంది, కంటి ప్రకారం సముద్రంలో ఉంది. మన రికార్డులు కంటిని నమ్మవు. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డు కోసుకుపోయిన ప్రతిసారీ రాళ్లు పోస్తారు. కొండను తవ్వి సముద్రంలో పోయడం కూడా ఒక రకంగా ప్రకృతి దృశ్య రచనే.

విశాఖలోనైతే ఈ కళ పై మెట్టు ఎక్కేసింది. రుషికొండను తొలిచి భవనాలు కట్టినప్పుడు, బోడిగా మిగిలిన వాలు మీద ఆకుపచ్చ మ్యాట్ కప్పారు. దామెర్ల వారు కొండను కాగితం మీదికి తెచ్చి ఆకుపచ్చ వెయ్యడానికి అంత కష్టపడ్డాడా! మనవాళ్లు కాగితం జోలికే పోకుండా కొండకే రంగేశారు. ప్రాంతీయ చిత్రకళలో ఇంతకన్నా పెద్ద కాన్వాసు నేనెరగను.

నిజానికి మన ఊళ్లలో ప్రకృతి చిత్రకళ చచ్చిపోలేదు, మున్సిపల్ ప్రహరీల మీద నిక్షేపంగా ఉంది. రోడ్డు వెడల్పు కోసం కొబ్బరిచెట్లు కొట్టేసి, మిగిలిన గోడ మీద కొబ్బరిచెట్టు బొమ్మ వేయిస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, టిక్కు మార్కుల్లాంటి పక్షులు, ఒక పడవ. పడవ కింద "ఇచట మూత్ర విసర్జన చేయరాదు". ఆ బొమ్మల మీద విమర్శ రోజూ జరుగుతూనే ఉంటుంది, ఆ హెచ్చరికకు సరిగ్గా జానెడు కింద.

2027లో గోదావరి పుష్కరాలు. దామెర్ల వారికి క్షమాభిక్ష పెట్టాలనుకుంటే అంతకన్నా మంచి తరుణం ఉండదు. ఆయన గోదావరి బొమ్మనొకదాన్ని నలభై అడుగుల ఫ్లెక్సీ చేయించి పుష్కరఘాట్ దగ్గర కట్టిద్దాం. నాలుగు మూలలా నలుగురు నాయకులు, అడుగున వరసగా వార్డు స్థాయి వారు, మధ్యలో చేతులు జోడించిన పెద్దాయన. సందు మిగిలితే చిత్రకారుడి ఫొటో స్టాంపు సైజులో. ఫ్లెక్సీ కుర్రాడు ఒక్కటే అడిగాడు, "బొమ్మలో నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి సార్, అలాగే ఉంచమంటారా?" అని. ఆషాఢంలో ఎర్రనీరు వస్తుంది నాయనా అని చెప్పబోయి, ఎందుకొచ్చిన గొడవని నీలం కొట్టెయ్యమన్నాను.