పర్లాకిమిడి పిల్లలకూ ఇలాంటిది కావాలి

పేద పిల్లలకు కెమెరా, రిపోర్టింగ్ నేర్పి మీడియా ఉద్యోగాల్లోకి పంపే సంస్థ పెట్టారని చదివి చాలా సంతోషమేసింది. మాది పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో కలిసిన ఊరు, ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర కూడా వినిపిస్తుంది, ఇన్ని భాషలొచ్చిన పిల్లలు ఏ ఛానల్‌కైనా పనికొస్తారు కానీ పిలిచేవాళ్లే లేరు. శిక్షణ ఒక్కటే చాలదండీ. జీతం లేని ఇంటర్న్‌షిప్ అంటే భువనేశ్వర్‌లోనో విశాఖలోనో గది అద్దె ఎవరు కడతారు? నేర్చుకునేటప్పుడే స్టైపెండ్ ఇవ్వాలి, ఆ డబ్బు కోసం సంస్థ బయటివాళ్లకు వీడియోలు చేసిపెట్టి సంపాదించుకోవచ్చు. 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో మొదలైన ఖబర్ లహరియా అనే వార్తాసంస్థలో పల్లెటూరి ఆడవాళ్లే రిపోర్టర్లు కదా, మన దగ్గర ఎందుకు కాదు? ఎవరైనా మొదలుపెడితే తెలుగు రాయడం నేర్పడానికి నేనొస్తాను.